పేరయ్య నడిచిన దారి: క్రీస్తునందు స్వాతంత్ర్యం అంటే ఏమిటి?



మన సంఘాల్లో తరచుగా వినబడే మాట స్వాతంత్ర్యం. ఆగస్టు 15న జెండా ఎగురవేసి ప్రార్థన చేసినప్పుడు వింటాం. ఉజ్జీవ కూటాల్లో, ఉపవాస ప్రార్థనల్లో వింటాం. బంధకాలు తెగిపోవాలని, విడుదల కలగాలని మోకరిస్తాం. అయితే ఆ విడుదల దేని నుండి, దేని కొరకు అని నిదానించి అడిగేవారు తక్కువ. అప్పు తీరితే విడుదల అంటాం, జబ్బు తగ్గితే విడుదల అంటాం, కోర్టు కేసు మనవైపు తిరిగితే విడుదల అంటాం. ఇవన్నీ దేవుని మేళ్లే, కాదనను. కాని గలతీ పత్రిక 5వ అధ్యాయంలో పౌలు ఏ స్వాతంత్ర్యంలో స్థిరంగా నిలిచి ఉండమన్నాడో, అది అప్పు లేనివాడికీ ఉన్నవాడికీ, ఆరోగ్యవంతుడికీ రోగికీ ఒకే విధంగా దొరికేది. దాని అర్థం తెలుసుకోవడానికి ఎఫెసుకో గలతీయకో వెళ్లనక్కరలేదు. మన నేల మీదనే నడిచిన ఒక మనుష్యుని జీవితం చాలు. ఆయన పేరు యర్రగుంట్ల పేరయ్య.

మన జిల్లా మనిషి

జలదంకి నుండి కలిగిరి, కొండాపురం మీదుగా వాయవ్యంగా వెళితే ఉదయగిరి సీమ అంచున కనిగిరి ప్రాంతం తగులుతుంది. అక్కడే తాళ్లకొండపాడు అనే ఊరు. ఒంగోలుకు నైరుతిగా సుమారు 40 మైళ్లు. ఇప్పుడది వేరే జిల్లా వైపు కావచ్చు గాని, పేరయ్య కాలానికి కనిగిరి, ఒంగోలు, కందుకూరు, ఉదయగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోనివే. వాన తక్కువ, రాయి ఎక్కువ, సజ్జలు జొన్నలు పండే మెట్ట నేల.

ఈ జిల్లాలో అమెరికన్ బాప్టిస్టు మిషను పని అప్పటికే చాలా ఏళ్లుగా సాగుతోంది. శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగువారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆ తరువాత పాతికేళ్ల ప్రయాసకు కనబడిన ఫలం వేళ్లమీద లెక్కపెట్టదగినంతే. మూడుసార్లు ఈ మిషనును మూసివేయాలా అని అమెరికాలో ఆలోచన చేశారు. పటం మీద ఒంటరిగా మిగిలిన చుక్క గనుక దీనికి ఒంటరి నక్షత్రమని పేరు పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యుయెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఆ పట్టణం కొరకు ప్రార్థించిన సంగతి మన సంఘాలన్నిటికీ తెలిసినదే. నేటికీ దాన్ని ప్రార్థన కొండ అంటున్నాం. ఆ ఐదుగురు కొండమీద మోకరించిన కాలంలోనే తాళ్లకొండపాడు ప్రాంతంలో ఒక మాదిగ యువకుడు మోక్షం కోసం తనకు తెలిసిన దారులన్నీ వెదకుతున్నాడు. వారికి ఆయన తెలియదు, ఆయనకు వారు తెలియదు. దేవునికి ఇద్దరూ తెలుసు.

మూడు కట్లు

పేరయ్య పుట్టిన ఇంటికి పుట్టుకతోనే కొన్ని కట్లు ఉన్నాయి. మొదటిది ఊరి కట్టు. మాదిగవాడలో ప్రతి ఇల్లూ ఊళ్లోని ఏదో ఒక రైతు ఇంటికి కట్టుబడి ఉండేది. చెప్పులు కుట్టాలి, కపిల బావికి తోలు బాన కుట్టాలి, పిలిచినప్పుడు పొలానికి పోవాలి. బదులుగా కళ్లంలో ఇంత గింజ. చచ్చిన పశువును ఈడ్చుకుపోవడం వారి పని, దాని మాంసం వారి వంతు. ఊరి బావి దగ్గరకు రాకూడదు. గుడి గడప తొక్కకూడదు. ఈ ఏర్పాటును కాదనే హక్కు ఉందని ఎవరూ అనుకోలేదు.

రెండవది భయం. పోలేరమ్మ, అంకమ్మ వంటి గ్రామదేవతలకు కోపం వస్తే మశూచి వస్తుంది, కలరా వస్తుంది, పశువులు చస్తాయి. ఆ కోపం చల్లార్చే జాతరలో డప్పు కొట్టవలసింది మాదిగలే. కొట్టకపోతే అమ్మవారికి కోపం, ఊరికి అంతకంటె ఎక్కువ కోపం.

మూడవది లోపలి కట్టు. పేరయ్య తక్కినవారివలె ఊరుకునే మనిషి కాడు. మనుష్యుడెందుకు పుట్టాడు, చచ్చి ఎక్కడికి పోతాడు, దేవుడు ఒక్కడా అనేకులా అనే ప్రశ్నలు ఆయనను విడిచిపెట్టలేదు. ఆ కాలంలో మన ప్రాంతంలో గురువులు ఊరూరా తిరిగేవారు. గుడిలోకి రానివ్వని వారికి కూడా కొందరు గురువులు ఉపదేశం ఇచ్చేవారు. పేరయ్య వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర రాజయోగం అభ్యసించాడు. కళ్లు మూసుకుని కూర్చోవడం, ఊపిరి నిలపడం, మనసును ఒక చోట కట్టడం నేర్చుకున్నాడు. తానే గురువై కొందరికి ఉపదేశించే స్థితికి వచ్చాడు. విగ్రహాలలో దేవుడు లేడని, దేవుడు ఆత్మ అని ఆయనకు అప్పుడే తోచింది.

ఇక్కడ మనం గౌరవంతో ఆగాలి. పేరయ్య అజ్ఞానంలో పడి ఉన్నవాడు కాడు, వెదకుతున్నవాడు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఏథెన్సు వారితో పౌలు మాట్లాడినప్పుడు, తడవులాడి దేవుని కనుగొనాలని చూసే మనుష్యులను గూర్చి చెప్పినది ఇటువంటివారిని గూర్చే. అయితే ఎంత సాధన చేసినా పేరయ్యకు నెమ్మది కలగలేదు. సాధన ఎప్పుడూ ఇంకొక మెట్టు మిగిల్చేది. పాపం ఏమవుతుందో అది చెప్పలేదు. దేవుడు ఉన్నాడని తెలిసింది, కాని ఆ దేవుడు తనను ప్రేమిస్తున్నాడో లేదో తెలియలేదు.

వర్తకం కోసం వెళ్లి

పేరయ్య తోళ్ల వర్తకుడు. ఆ పని మీద కృష్ణ దాటి ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లేవాడు. అక్కడే యేసుక్రీస్తు సువార్త మొదట విన్నాడు. ఒకే నిజ దేవుడున్నాడని, ఆయన మనుష్యులను వెదకుతూ తానే వచ్చాడని, పాపానికి వెల ఆయనే చెల్లించాడని విన్నప్పుడు తన ఇన్నాళ్ల ప్రశ్నకు ఇదే జవాబని గ్రహించాడు. గమనించండి. ఇన్నాళ్లూ తాను దేవుని చేరడానికి ఎక్కుతున్నాడు. ఇప్పుడు దేవుడు తన దగ్గరకు దిగివచ్చాడని విన్నాడు. ఆ తేడాయే ఆయనకు స్వాతంత్ర్యం.

ఆయన ఆ మాటను మూటగట్టుకుని ఇంటికి వచ్చాడు. భార్య నాగమ్మకు చెప్పాడు. 1866లో జ్యుయెట్ దొరగారి చేత భార్యాభర్తలిద్దరూ బాప్తిస్మం పొందారు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో జాన్ క్లౌ దొరగారు నెల్లూరు నుండి ఒంగోలుకు వచ్చి కాపురం పెట్టారు. పేరయ్య అప్పటికే ఊరూరా తిరిగి తన పాత శిష్యులకు, బంధువులకు, తోళ్ల బేరంలో పరిచయమైనవారికి సువార్త చెబుతున్నాడు. ఎవరూ ఆయనకు జీతం ఇవ్వలేదు, బోధకుడని పేరు పెట్టలేదు. మిషనరీ రాకముందే ఆ పల్లెల్లో విశ్వాసులు తయారయ్యారు. మన ప్రాంతంలో సువార్త దొరల వల్లనే వ్యాపించిందనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో పేరయ్య కబురు మీద క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వెళ్లారు. చుట్టుపక్కల పల్లెల నుండి మనుష్యులు తిండిమూటలు కట్టుకుని వచ్చి అక్కడ కనిపెట్టుకుని ఉన్నారు. కొన్ని దినాలు వాక్యం విని, ప్రార్థించి, చివరికి 28 మంది బాప్తిస్మం పొందారు. ఎనిమిది మంది ఉన్న సంఘానికి ఒక్క ప్రయాణంలో 28 మంది చేరారు.

ఒంగోలులో వచ్చిన పరీక్ష

ఈ సంతోషానికి ఒక వెల ఉంది. ఒంగోలులో అగ్రవర్ణాలవారు క్లౌ దంపతుల పాఠశాలకు పిల్లలను పంపుతున్నారు, ఆదరణ చూపుతున్నారు. మాదిగలు సంఘంలో చేరుతున్నారని తెలియగానే వారు చెప్పినది ఒక్కటే. వారిని చేర్చుకుంటే మేము రాము. పెద్దకులాలు ముందు వస్తే దేశమంతా వస్తుందని అప్పట్లో అనేకుల ఆలోచన. మిషనరీకి ఇది చిన్న పరీక్ష కాదు. ఆ రోజున క్లౌ దొరగారు ఒక గదిలో, ఆయన భార్య వేరొక గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు వేదం తెరిచి చదివితే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందట. మొదటి కొరింథీ 1వ అధ్యాయం 26వ వచనం నుండి. లోకంలో ఎన్నికలేనివారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం. వారికి జవాబు దొరికింది. అగ్రవర్ణాల పిల్లలు బడి మానివేశారు. తలుపు పేరయ్య బంధువులకు తెరిచే ఉంది.

సంఘం ఎవరి కొరకు తెరిచి ఉంది అనే ప్రశ్నకు ఒంగోలు సంఘం పుట్టిన తొలి దినాల్లోనే జవాబు చెప్పవలసి వచ్చింది. ఆ రోజున జవాబు వేరుగా ఉండి ఉంటే మనలో చాలామందిమి ఈ పత్రిక చదువుతూ ఉండేవారము కాము.

మూడు నియమాలు

బాప్తిస్మం పొందినవారికి క్లౌ దొరగారు మూడు సాధారణ నియమాలు చెప్పారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. ఇవి వినడానికి నిషేధాల్లా ఉన్నాయి. స్వాతంత్ర్యం ఇస్తానని పిలిచి ఇంకొక ధర్మశాస్త్రం మెడకు కట్టినట్టు ఉంది గదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ కాలపు పల్లెలో నిలబడి చూస్తే గాని వాటి భావం తెలియదు.

పిలిచినప్పుడల్లా పోవలసిన మనిషి వారంలో ఒక దినం నేను రాను అని చెప్పడం ఎంత పెద్ద మాట! ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి దినం ఆజ్ఞను ఐగుప్తు దాస్యంతో ముడిపెట్టి చెప్పారు. బానిసకు సెలవు లేదు. సెలవు దినం ఉన్నవాడు బానిస కాడు. ఆదివారం ఆరాధనకు వెళ్లిన మాదిగ తనకు రైతుకంటె పై యజమాని ఒకడున్నాడని ఊరందరికీ చెప్పినట్టే.

చచ్చిన పశువు మాంసం మాట కూడా అంతే. తినే పదార్థం మనుష్యుని అపవిత్రపరచదని ప్రభువే బోధించాడు. రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు కూడా దానిని తీర్పుకు కారణం చేయవద్దన్నాడు. ఒకరి కంచంలో ఏముందో చూసి వారి విలువ కట్టడం క్రైస్తవ్యం కాదు. కాని ఆనాడు ఆ మాంసం ఆ వాడ మీద ఊరు వేసిన ముద్ర. మీరు ఇంతే, మీ వంతు ఇంతే అని చెప్పే గురుతు. దానిని విడిచినప్పుడు వారు విడిచినది ఆ ముద్రను. డప్పు సంగతి కూడా ఇదే. డప్పులో దోషం లేదు. నేడు మన క్రిస్మస్ ఊరేగింపుల్లో అదే డప్పు ప్రభువు స్తుతికి మోగుతోంది. భయంతో, బలవంతంతో కొట్టవలసిరావడమే దాస్యం.

ఊరు ఊరుకోలేదు. కరణాలు, మునసబులు, రైతులు అనేక చోట్ల విశ్వాసులను కొట్టారు, అబద్ధపు నేరాలు మోపారు, పని మాన్పించారు, రాకపోకలు కట్టడి చేశారు. కళ్లంలో గింజ రాకపోతే ఆ ఇంట పొయ్యి వెలగదు. అయినా చాలామంది నిలబడ్డారు. ఎర్ర సముద్రం దాటిన ఇశ్రాయేలీయులకు కూడా అరణ్యంలో ఐగుప్తు కూరకుండలు గుర్తొచ్చాయి. స్వాతంత్ర్యం దొరికిన మరునాడే ఆకలి వేస్తుంది. ఆ ఆకలిలో వెనక్కి తిరగకుండా ఉండడమే స్థిరంగా నిలవడం. పేరయ్య, ఆయనతోపాటు తాళ్లూరి దానియేలు, బెజవాడ పౌలు వంటి తొలితరం బోధకులు పల్లె పల్లెకు నడిచి వెళ్లి ఆ ఆకలిలో ఉన్నవారిని బలపరిచారు.

కొనబడని విశ్వాసం

1876 నుండి 1878 వరకు మన ప్రాంతాన్ని గొప్ప కరువు పట్టింది. అప్పుడు తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ దొరగారు కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బోధకులు ఆ కూలీల మధ్య ఉండి పని చూశారు, సాయంకాలాల్లో సువార్త చెప్పారు. అనేకులు బాప్తిస్మం అడిగారు. అయినా సహాయం పంచుతున్నంత కాలం, ఏడాదికి పైగా, దొరగారు బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదు. వారి విశ్వాసం వారి స్వంతం కావాలి.

సహాయం ముగిసిన తరువాత కూడా జనం వెళ్లిపోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంవత్సరాంతానికి ఒంగోలు సంఘం 12,000 దాటింది. పదకొండేళ్ల క్రితం ఎనిమిది మంది. ఈ లెక్కలు మనం పండుగల్లో గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం 2,222 కంటె, దానికి ముందు బాప్తిస్మం ఆపి ఉంచిన ఆ ఏడాది గొప్పగా తోస్తుంది. ఆకలిగా ఉన్న మనిషి మనస్సాక్షిని కూడా కొనకూడదని ఆ ఏడాది నేర్పింది. స్వాతంత్ర్యం లేని చోట విశ్వాసం ఉండదు.

ఈ తొలి విశ్వాసుల కథలను క్లౌ దొరగారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు వారి నోటనే విని 1899లో ఒక పుస్తకంగా అచ్చువేయించారు. పేరయ్య వెదకులాట మనకు తెలిసినది చాలావరకు అందువల్లనే.

దేని నుండి, దేని కొరకు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పేరయ్యకు దొరికిన స్వాతంత్ర్యం ఏది? బాప్తిస్మం పొందిన మరునాడు ఆయన కులం మారలేదు, పొలం రాలేదు, ఊరి బావి తెరుచుకోలేదు. మారినది ఆయన నిలబడిన చోటు. దేవుని యెదుట ఆయన ఇక సాధకుడు కాడు, కుమారుడు. రోమా 8వ అధ్యాయం చెప్పే దత్తపుత్రాత్మ అదే. కుమారుడైనవాడు తండ్రి ప్రేమను సంపాదించుకోనక్కరలేదు. సంపాదించే భారం దిగిపోయింది గనుక భయం పోయింది. భయం పోయింది గనుక ఊరి యెదుట తల ఎత్తగలిగాడు. లోపల మొదలైన విడుదల బయటికి వచ్చి ఆదివారాన్ని, డప్పును, కంచాన్ని ముట్టింది. ఆత్మీయ స్వాతంత్ర్యం లోపలి సంగతి మాత్రమే అనేవారూ, అది సాంఘిక సంగతి మాత్రమే అనేవారూ ఇద్దరూ పేరయ్య కథలో సగమే చదివారు.

రెండవది, ఆయన ఆ స్వాతంత్ర్యాన్ని దేనికి వాడాడు? తన వర్తకం పెంచుకోవడానికి కాదు. తన శిష్యులలో పెద్ద పేరు తెచ్చుకోవడానికి కాదు. నడవడానికి వాడాడు. తాను పొందినది తనవారికి చెప్పడానికి కాళ్లు అరిగేలా నడిచాడు. 1520లో మార్టిన్ లూథరు క్రైస్తవుని స్వాతంత్ర్యాన్ని గూర్చి వ్రాసిన చిన్న గ్రంథంలో చూపినది ఈ సంగతే. విశ్వాసం వలన క్రైస్తవుడు ఎవరికీ లోబడనివాడు, ప్రేమ వలన అందరికీ దాసుడు. గలతీ 5:13 కూడా స్వాతంత్ర్యాన్ని శరీరానికి అవకాశంగా కాక, ప్రేమతో ఒకరికొకరు దాసులై ఉండడానికి వాడమంటుంది.

నేటి మన కట్లు

పేరయ్య నేడు మన సంఘాలకు వస్తే ఏమి చూస్తాడు? కులం పేరుతో విడిపోయిన ఆరాధనలు చూస్తాడు. ఒకే ప్రభువు బల్ల దగ్గర కూర్చుని, సంబంధం మాట వచ్చేసరికి వాడ పేరు అడిగే విశ్వాసులను చూస్తాడు. సంఘ ఎన్నికలకు, మిషను స్థలాలకు సంవత్సరాల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే పెద్దలను చూస్తాడు. పోలేరమ్మ భయం విడిచి, మూఢానికీ ముహూర్తానికీ భయపడే ఇళ్లు చూస్తాడు. ప్రార్థన చేసిన నూనెకు, గుడ్డకు వెల కట్టే కూటాలు చూస్తాడు. ఆ వెల చూసి ఆయన తన పాత గురువుల దినాలు గుర్తు చేసుకుంటాడేమో. వారిలో కొందరు శిష్యుని దగ్గర ఇంత కూడా అడగలేదు.

ఇంకొక సంగతి చెప్పడానికి మనసు బరువెక్కుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. మన రాష్ట్రంలో వారిని బి.సి. 'సి' వర్గంలో చేర్చి, ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అందువల్ల బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు, రెండు పేర్లతో బ్రతికే పిల్లలు మన మధ్య ఉన్నారు. వారిని నిందించడం సులువు. ఆకలి ఎరిగినవారెవరూ నిందించరు. ఈ అన్యాయాన్ని చట్టబద్ధంగా అడుగుదాం, అడగడం మానవద్దు. అయితే మన పిల్లలకు ఒక మాట కూడా చెబుదాం. ధ్రువపత్రంలో ఏమున్నా, క్రీస్తు వారిని పిలిచిన పేరు సిగ్గుపడవలసినది కాదు. పేరయ్య కళ్లంలో గింజ పోయే దినాల్లో ఆ పేరు దాచలేదు. ఆయన ధైర్యాన్ని పిల్లల మీద బరువుగా వేయకుండా, ఆ ధైర్యం ఎక్కడ నుండి వచ్చిందో చూపించడం సంఘం పని.

ఉదయగిరి, ఆత్మకూరు, కావలి, జలదంకి ప్రాంతాల సంఘాలకు నా మనవి ఇది. ఈ నెలలో ఒక ఆదివారం మీ సంఘంలో మొదట బాప్తిస్మం పొందినవారెవరో పెద్దవారిని అడిగి తెలుసుకోండి. వారు దేనిని విడిచారు, ఏమి పోగొట్టుకున్నారు, ఎవరి కొరకు నడిచారు అని అడగండి. ఆ జవాబులు యౌవనస్థుల చేత వ్రాయించండి. తరువాత ఆ జాబితా పక్కన మన స్వంత జాబితా పెట్టుకుందాం. మనమింకా విడవనివి ఏవి? ఎవరి భయం మనలను పట్టి ఉంచింది? ఎవరి దగ్గరకు నడవకుండా కూర్చున్నాము?

యోహాను 8వ అధ్యాయంలో ప్రభువుతో వాదించినవారు తాము ఎన్నడూ ఎవరికీ దాసులము కాలేదన్నారు. కట్లు ఉన్నాయని ఒప్పుకోనివానికి విడుదల అక్కరలేదు. పేరయ్య తన కట్లు ఎరిగినవాడు గనుక, కుమారుడు విడిపించినప్పుడు గుర్తుపట్టాడు. ఆ కుమారుడు మన సంఘాలను కూడా ఆలాగే విడిపించి, విడిపించినవారిని మరల నడిపించును గాక. ఆమేన్.